మొఱయు నాశయు

దుఃఖము మనుష్యులకెల్లరకును సామాన్యము. దుఃఖితునితో పలుకదగిన మాట మాత్రము మిక్కిలి దుర్లభము. ఒకడు ఆరోగ్యముతోడను, ధనముతోడను, బంధుజనముతోడను సుఖముగా నున్నపుడు వానితో మనమేమి పలికినను చెల్లిపోవును. మన మాటలోని కొఱతను వాని సుఖమే పూరించుకొనును. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తల్లితోడను, పంట యెండి అప్పు మాత్రము మిగిలిన సేద్యకానితోడను, వైద్యుడు చేతులు వదలిన రోగితోడను పలుకు మాట అట్టిది గాదు. అది తూచి పలుకవలసినది. కల్తీమందు ఆరోగ్యవంతునకు చేయు చెఱుపు స్వల్పము. రోగికి చేయు చెఱుపు ప్రాణాంతకము. కావున ఓదార్పుకై వ్రాయబడు పుస్తకములను విమర్శించుట కఠినహృదయుల పనియని కొందఱు తలచినను, తక్కిన వ్రాతలన్నిటికంటెను ముందుగా విమర్శింపదగినవి యవియే యని మా యభిప్రాయము.

1806వ సంవత్సరమున సికందర్ జా నవాబు పేర వెలసి, ఇంగ్లీషు దండునకు నివాసమై పెరిగిన సికింద్రాబాదు పట్టణము తెలుగు క్రైస్తవులకు ముఖ్యస్థానములలో నొకటి. 1850లో తెఱవబడిన సెయింట్ మేరీ దేవాలయము మొదలుకొని ఇచ్చట పెద్దవియు చిన్నవియు నగు ప్రార్థనామందిరములు పెక్కులు గలవు. ఆదివారమున వాని ముంగిళ్లలోను, క్రైస్తవ పుస్తకముల యంగళ్లలోను నిలిచి చూచువారికి, కష్టకాలమున ఆశ కలిగించుటకై తెలుగున వ్రాయబడిన చిన్నపుస్తకము లెన్నియో కానవచ్చును. ఇవి నేడు ఉపన్యాసరూపమున సెల్‌ఫోనులలోనికి కూడ ప్రవేశించి, ఆస్పత్రి మంచముల యొద్దను, పొలము గట్లమీదను వినబడుచున్నవి. ఇన్ని చేతులలో పడు వాఙ్మయమును మన విమర్శకులు ఇంతవఱకు గణింపకుండుట వింత. ఏదేని కావ్యములో యతిభంగమైనచో పది వ్యాసములు పుట్టును. ఒక దుఃఖితుని చేతిలోని పుస్తకము వానిని వంచించినచో అడుగు నాథుడు లేడు! మేమిచ్చట గ్రంథకర్తల పేరులు చెప్పము. మా విమర్శ వ్రాతతీరును గూర్చినదే గాని వ్యక్తులను గూర్చినది గాదు.

ఇట్టి వ్రాతలలో మంచివి లేకపోలేదు. ఐనను వానిలో తఱచుగా కనబడు దోషములు మూడు. మొదటిది, దుఃఖమును నిషేధించుట. విశ్వాసి కంటతడి పెట్టరాదనియు, ఏడ్పు అవిశ్వాసమునకు గుర్తనియు కొందఱు బోధింతురు. భర్త పోయిన యింట మూడవనాడే ఆనందించుమని చెప్పుట వీరికి భక్తిగా తోచును. రెండవది, దుఃఖమునకు కారణము కల్పించుట. నీవేదో పాపము చేసితివి గాన నీకీ వ్యాధి వచ్చెననియు, నీ ప్రార్థనయందు లోపమున్నది గాన నీ బిడ్డ బ్రదుకలేదనియు వీరు నిశ్చయింతురు. మూడవది, బేరము. ఇంత కానుక యిచ్చినచో ఇంత ఆశీర్వాదము, ఇన్ని దినములు ఉపవాసమున్నచో ఈ యప్పు తీరుట, అని లెక్క కట్టుదురు. ఈ మూడును ఆశ పేరనే చెల్లుచున్నవి. మొదటిది ఆశను ఆజ్ఞగా మార్చినది; రెండవది తీర్పుగా మార్చినది; మూడవది సరకుగా మార్చినది.

ఈ బోధ యంతయు క్రైస్తవమతము పేర చెప్పబడుచున్నది గనుక, ఆ మతస్థులు పూజ్యముగా నెంచు గ్రంథముతోడనే దీనిని తూచి చూచుట న్యాయము. ముందుగా యోబు గ్రంథము. ధర్మాత్ముడైన యోబు సంపదను, బిడ్డలను, దేహారోగ్యమును గోలుపోయి బూడిదలో కూర్చుండెను. మువ్వురు మిత్రులు వచ్చిరి. ఏడు పగళ్లు ఏడు రాత్రులు వానితో మాటలాడక నేలపై కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియొక్కటే! ఎనిమిదవనాడు నోళ్లు తెఱచి, నీ పాపమే దీనికి కారణమని వాదింప మొదలిడిరి. నలువదిరెండధ్యాయముల యా గ్రంథములో యోబు తన పుట్టినదినమును శపించెను. దేవునితో వ్యాజ్యెమాడవలెనని కోరెను. మిత్రులో, దేవుని పక్షమున చక్కగా ధర్మోపన్యాసములు చేసిరి. తుదకు దేవుడు దోషులని తేల్చినది ఎవరిని? మొఱపెట్టినవానిని గాదు, తన పక్షమున వాదించినవారిని! యోబే తన్నుగూర్చి యుక్తముగా పలికెనని దేవుడు నిర్ణయించుటతో ఆ కథ ముగియుచున్నది. దుఃఖమునకు కారణములు కల్పించు మన గ్రంథకర్తలు ఈ కడపటి యధ్యాయమును మఱల నొకమాఱు చదువుకొందురు గాక.

ఇక కీర్తనల గ్రంథము. దానియందలి నూటయేబది కీర్తనలలో సుమారు మూడవవంతు విలాపములేయని పండితుల లెక్క. దేవుడు నిద్రించుచున్నాడా, మఱచినాడా, ఎంతకాలము ఇట్లుండును, అని నిలదీయు కీర్తనలు దేవాలయమున పదిమందితో కలిసి పాడుటకై కూర్పబడినవి. విలాపకీర్తనలు తఱచుగా స్తోత్రముతో ముగియును. ఎనుబదియెనిమిదవ కీర్తన మాత్రము అట్లు ముగియదు. అది చీకటితో మొదలిడి చీకటితోనే ముగియును. దానిని కూర్చినవారు తుదను ఒక మంగళవాక్యము చేర్పలేకపోయిరా? చేర్పలేదు. పారాయణగ్రంథమున అట్టి పాటకు కూడ చోటు గలదని తెలుపుటకే దాని నట్లు విడిచిరని మేము తలంచెదము. కంటతడి అవిశ్వాసమనువారు ఈ కీర్తనను ఏమి చేయుదురు?

విలాపవాక్యములను చిన్న గ్రంథము మఱియు విచారింపదగినది. క్రీస్తుకు పూర్వము ఆఱవ శతాబ్దమున బబులోను సేనలు యెరూషలేమును నేలమట్టము చేసినపుడు పుట్టిన శోకము అది. అందు అధ్యాయములు ఐదు. మొదటి నాలుగును హెబ్రీ వర్ణమాలలోని ఇరువదిరెండక్షరముల క్రమమున కూర్పబడినవి. శోకమును అక్షరాక్షరముగా తుదముట్ట చెప్పవలెనను సంకల్పము ఆ రచనలో కనబడుచున్నది. ఆశను గూర్చిన ప్రసిద్ధవాక్యములు ఈ గ్రంథమున ఎచ్చట నున్నవి? మొదట లేవు, తుదను లేవు. సరిగా నడుమనున్న మూడవ యధ్యాయమున నున్నవి. వానికి ముందును చీకటియే, వెనుకను చీకటియే. ఐదవ యధ్యాయము చివర ఒక ప్రశ్న మిగిలిపోవును. ఈ కూర్పులో గొప్ప సత్యమున్నది. దుఃఖమంతయు తీరిన పిమ్మట కలుగునట్టిది ఆశ కాదు, ఉపశమనము. ఆశ యనునది దుఃఖము నడుమ కలుగవలెను. కలిగిన పిదప కూడ దుఃఖము తీరక యుండవచ్చును. మన చిన్నపుస్తకములలోనో, ఆశ ఎల్లపుడు చివరి పుటలోనే ఉండును: అప్పు తీరినది, రోగము పోయినది, పదవి వచ్చినది! అప్పు తీరనివాడు ఆ చివరి పుట మూసి ఏమి చేయవలెను?

ఈ పరంపర అంతటికి క్రైస్తవులు శిఖరముగా నెంచునది సిలువ. అచ్చట యేసు పలికిన మాటలలో నొకటి, నీవు నన్నేల విడిచితివని దేవుని ప్రశ్నించు ఇరువదిరెండవ కీర్తనలోని మొదటి మాట. దైవపుత్రుడని తాము నమ్మిన వానినోటనే నిరాశతో గూడిన యీ మొఱ వెలువడినదని సువార్తలు దాచక వ్రాసినవి. దాచియుండిన యెడల ఆ మతమునకు ప్రచారము సులభమై యుండెడిదేమో గాని, శోకార్తులకు దానియందు తావు ఉండెడిది కాదు. క్రైస్తవాశలోని విశేషము ఇదియే: అది దుఃఖమును చూచి దూరముగా నిలుచు దేవుని గూర్చి చెప్పదు, మొఱపెట్టువారి పంక్తిలోనికి తానే వచ్చి కూర్చున్న దేవుని గూర్చి చెప్పును. ఆ మతమును అంగీకరింపనివారు సైతము ఈ భావము యొక్క గాంభీర్యమును గుర్తింపవచ్చును.

మొఱ యనుమాటను మేము బుద్ధిపూర్వకముగా వాడుచున్నాము. ఏడ్పు వేఱు, మొఱ వేఱు. ఏడ్పునకు వినువాడు అక్కఱలేదు. మొఱకు వినువాడొకడు కావలెను. వినువాడున్నాడో లేడో యను సందేహముతోనైనను మొఱపెట్టువాడు ఒక దిక్కునకు మొగము త్రిప్పినవాడు. ఈ భేదము తెలుగువారికి పరదేశీయులు నేర్పవలసినది గాదు. పోతన గజేంద్రుడు మొసలినోట చిక్కి, ఆర్తరక్షకుడని పేరుగన్నవాడు నిజముగా ఉన్నాడా లేడా యని శంకించును. ఆ శంక వలన వాని భక్తి తక్కువయ్యెనని తెలుగుదేశమున నెవరును అనలేదు. సికింద్రాబాదునకు కొన్ని క్రోసుల దూరముననే గోలకొండ దుర్గమున్నది. పదునేడవ శతాబ్దమున కంచెర్ల గోపన్న అచ్చట చెఱలో నుండి, రామునికి తాను చేయించిన నగల లెక్క చెప్పి నిలదీసినట్లు ఆతని కీర్తనలే చాటుచున్నవి. దైవమును దెప్పి పొడిచిన ఆ పాటలను మనము భక్తిపాటలుగానే పాడుకొనుచున్నాము.

ఆ శతాబ్దముననే ఇంగ్లండున మఱియొకడు చెఱలో నుండెను. జాన్ బన్యను 1660 మొదలు 1672 వఱకు బెడ్‌ఫర్డు కారాగృహమున గడపి, 1678లో యాత్రికుని ప్రయాణమును ప్రకటించెను. తెలుగు క్రైస్తవ గృహములలో చిరపరిచితమైన ఆ కథలో యాత్రికులిద్దఱు నిరాశయను రాక్షసునికి చిక్కి, సందేహదుర్గమున బంధింపబడుదురు. ఆ రాక్షసుడు వారిని కొట్టుటయేగాక, ప్రాణములు తీసికొనుడని హితవు చెప్పును! నిరాశ యొక్క స్వభావమును ఇంత సూక్ష్మముగా గుర్తించిన రచయితలు అరుదు. అది శత్రువువలె కొట్టి మిత్రునివలె మాటలాడును. తుదకు వారిని విడిపించినది వాగ్దానమను తాళపుచెవి. అది వెలుపలినుండి ఎవరును తెచ్చి యియ్యలేదు. యాత్రికుని రొమ్మునందే మొదటినుండియు నుండెను. ఐనను వారు దానిని జ్ఞప్తికి తెచ్చుకొనుటకు ముందు చెఱలో కొన్ని దినములు గడపవలసివచ్చెనని బన్యను దాచలేదు. చెఱసాల యెఱిగినవాని వ్రాతకును, ఎఱుగనివాని వ్రాతకును గల తారతమ్యము ఇదియే.

తెలుగు క్రైస్తవ వాఙ్మయము కూడ ఈ మొఱను మొదటినుండియు ఎఱుగును. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో గతించిన పురుషోత్తమ చౌదరిగారు క్రైస్తవ కీర్తనమునకు తెలుగున పీఠము వేసినవారు. వారికి క్రైస్తవ పదకవితా పితామహుడను పేరు గలదు. వారు పరదేశపు బాణీలకు మాటలు కూర్చుటతో తృప్తిపడక, మన రాగతాళములనే చేపట్టిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను సంకలనమున నేటికిని పాటల తలలపై రాగముల పేరులును తాళముల పేరులును అచ్చుపడుచుండుట చదువరులు చూచియేయుందురు. రాగమును తీసికొన్నవారు రాగముతో వచ్చు ఆర్తిని కూడ తీసికొనక తప్పదు. ఆ కాలపు కీర్తనలలో పశ్చాత్తాపమునకును, దైన్యమునకును, నిరీక్షణమునకును చోటున్నది. నేటి పాటలలో పెక్కింటికి జయఘోష తప్ప వేఱు గతి తెలియదు. ఒక్క రసమును మాత్రమే యెఱిగిన సంగీతము, వివాహమునకు పనికివచ్చును గాని శ్మశానమునకు పనికిరాదు.

కవిత్వమున ఈ విషయమునకు గుఱ్ఱము జాషువగారు నిదర్శనము. 1895లో వినుకొండలో క్రైస్తవగృహమున జన్మించిన ఆ మహాకవి 1941లో ప్రకటించిన గబ్బిలమునందు, ఆలయప్రవేశము లేని యొక యరుంధతీసుతుడు కాశీవిశ్వనాథునకు గబ్బిలముచేత సందేశము పంపును. గుడిలోనికి మనుష్యుడు పోరాదు, గబ్బిలము పోవచ్చును! తన్ను వెలివేసిన గుడిలోని దేవునికే మొఱపెట్టుకొను నా నిర్భాగ్యుని నిరాశలో ఎంత యాశ యున్నది! అన్యాయము చేసినవారు వినకపోయినను న్యాయమనునది యొకటి యెచ్చటనో యుండి వినునను నమ్మకము లేనివాడు సందేశము పంపడు. వారి క్రీస్తు చరిత్రమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. క్రీస్తును గూర్చి వ్రాసిన చేయియే గబ్బిలమును గూడ వ్రాసినదని మఱవరాదు. అవమానమును దాచక చెప్పగలిగిన కలమునకే క్రీస్తు శ్రమలను వర్ణించు నధికారము కలిగినది.

ఇంతవఱకు మేము దుఃఖనిషేధమును, కారణకల్పనమును గూర్చి చెప్పితిమి. ఇక బేరము మిగిలినది. దీనిని ఖండించుటకు ముందు ఒక మాట. మతములయందలి మ్రొక్కులన్నియు బేరములేయని మేము తలంచుట లేదు. 1813లో మహమ్మారి వ్యాపించినపుడు, ఉజ్జయినికి పోయిన దండులో పనిచేయుచుండిన సురిటి అప్పయ్యయను సికింద్రాబాదువాడు, తన యూరివారు బ్రదికినచో మహాకాళికి గుడి కట్టింతునని మ్రొక్కుకొనెనని స్థానికైతిహ్యము. సికింద్రాబాదునందలి ఉజ్జయినీ మహంకాళి గుడికిని, అచ్చటి బోనములకును అదియే మూలమందురు. అతడు కోరినది తన లాభము గాదు, ఊరి ప్రాణము. మనమిపుడు విమర్శించు బేరము దీనివంటిది గాదు. ఇందు కోరువాడు తన యొక్కనికే కోరును. పుచ్చుకొనువాడు ముందుగానే పుచ్చుకొనును. ఫలము రాకపోయిన యెడల, నీ విశ్వాసము చాలలేదని తప్పును ఇచ్చినవానిపైననే త్రోయును. ఏ వర్తకుడును ఇంత నిర్భయముగా సరకు అమ్మలేడు.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో ఆశకు చెప్పిన లక్షణము ఈ బేరమునకు ముమ్మాటికి విరుద్ధము. శ్రమవలన ఓర్పును, ఓర్పువలన పరీక్షకు నిలిచిన స్వభావమును, దానివలన ఆశయు పుట్టునని ఆయన క్రమము చెప్పెను. కంటికి కనబడినది ఆశ కాదనియు చెప్పెను. ఈ లక్షణమునకు తెలుగుదేశమునందే లక్ష్యమున్నది. జార్జి క్రాను, అగస్టసు దెగ్రాంజి యను ఇరువురు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరను తెలుగు బ్రాహ్మణుని సాయముతో సువార్తలను తెలుగు చేయుటకు పూనిరి. క్రాను 1809లోను, దెగ్రాంజి 1810లోను మరణించిరి. వారి కృషిఫలముగా మూడు సువార్తలు సీరాంపూరున అచ్చుపడినది 1812లో. అచ్చుకాగితము వారిరువురి కన్నులను పడలేదు. ఆ 1812లోనే మార్చి 11వ తేదిని సీరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, పెక్కు భాషల వ్రాతప్రతులును అచ్చక్షరములును నశించెను. అచ్చటివారు అక్షరములను మఱల పోతపోయించి పనిలో దిగిరి. వీరికి ఏ కానుకకు ఏ లాభము ముట్టినదని లెక్కింపవలెను?

ఈ యాశ మాటలలో నిలువక చేతులలోనికి దిగినపుడు ఏమగునో చూపు నిదర్శనములు సికింద్రాబాదు పరిసరములందే గలవు. 1895లో చార్లెసు వాకర్ పాస్నెట్టను వెస్లియను మిషనరీ ఈ పట్టణమునకు వచ్చి, తిరుమలగిరిలో తెల్లసిపాయిల నడుమ పని మొదలిడెను. ఆ పని యాతనికి తృప్తి నియ్యలేదు. కొలదికాలములోనే మెదకు పల్లెలకు తరలిపోయెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ ప్రాంతమును కఱవు పీడించెను. 1914లో మొదలిడి పది సంవత్సరములు సాగిన మెదకు మహాదేవాలయ నిర్మాణము కఱవుజనులకు పనియు, కూడును అయ్యెను. 1924 డిసెంబరు 25వ తేదిని దానికి ప్రతిష్ఠ జరిగినది. నూఱడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, సుమారు 175 అడుగుల గోపురము గల యా కట్టడమును చూచి యాత్రికులు శిల్పమును మెచ్చుకొందురు. మేము మెచ్చుకొనునది ఆ రాళ్లు మోసినవారి ప్రాణము నిలిచినదని. కఱవునాడు వారితో ఆశను గూర్చి ఉపన్యసించుట సులభము. ఉదయము పనియు సాయంకాలము అన్నమును చూపుట కష్టము.

ఆ దేవాలయపు రంగుటద్దాల కిటికీలు మూడు. క్రీస్తు ఆరోహణమును చూపు కిటికీ 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్పబడినవి. మహిమ ముందును, సిలువ అన్నిటికి వెనుకను వచ్చినవి. అది యాదృచ్ఛికమే కావచ్చును. ఐనను సిలువ లేక మహిమను మాత్రమే చూపిన ఆలయము ముప్పదియేండ్లు అసంపూర్ణముగా నుండెననుట మన చిన్నపుస్తకముల కర్తలకు జ్ఞాపకము చేయదగినది.

దీనికి గట్టి యాక్షేపణ యొకటి గలదు. కఱవునాడు అన్నము పెట్టి మతమున చేర్చుకొనుట ఆకలిని ఆసరాగా గొనుట గాదా? ఇది మఱియొక రీతి బేరము గాదా? ఈ ప్రశ్న అడుగదగినదే. దానిని కోపముతో త్రోసివేయు క్రైస్తవులు తమ మతమునకు మేలు చేయరు. అన్నము పెట్టుట మతముతో ముడిపడినచోట పుచ్చుకొనువాని స్వేచ్ఛకు కొంత హాని కలుగక మానదు. అట్టి ముడి యెచ్చట నుండెనో అచ్చట అది నిందార్హమే. కాని పనికి కూలిగా అన్నము ముట్టినచోట పుచ్చుకొన్నవాడు భిక్షకుడు గాడు, పనివాడు. ఇచ్చినవాని ఉద్దేశమును కొలుచుటకు మంచి కొలబద్ద యొకటి గలదు: తన మతమున చేరనివానికి కూడ అతడు చేయి చాచెనా? ఈ కొలబద్దకు నిలిచిన పని నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో నున్నది.

వైద్యురాలగు ఇసబెల్ కెర్‌గారు భర్త జార్జి కెర్‌గారితో 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల చికిత్సాలయమును నెలకొల్పిరి. దానికి ద్రవ్యసహాయము చేసిన దాత రాజా నర్సాగౌడుగారు హిందువు. నాడు కుష్ఠురోగమనగా బ్రదికియుండగనే చావు. బంధువులు ఇంటినుండియు, ఊరివారు ఊరినుండియు వెడలగొట్టుదురు. అట్టివారికి మాటలతో ఆశ చెప్పినచో ఎవరు నమ్ముదురు? చాలమొగర నూనెతో చేయు సూదిమందు చికిత్సకు ఆ స్థలము ప్రసిద్ధి కెక్కినది. ఆ నూనె ఇప్పటి మందులవలె సమర్థమైనది గాదు. సమర్థమైన మందులు 1940లలోనే రాసాగినవి. కెర్‌గారు 1932లో మరణించిరి. అనగా ఆమె తన రోగుల పూర్ణవిముక్తిని కన్నులార చూడలేదు. చూడకయే పుండ్లు కడిగిరి, తాకిరి, పేరు పెట్టి పిలిచిరి. కంటికి కనబడినది ఆశ కాదన్న పౌలు మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానమును మేమెఱుగము. అందులో క్రైస్తవురాలి చేయియు హిందువు ధనమును కలిసినవి; రోగియొద్ద మతభేదము నిలువలేదు.

ఇట్టి చరిత్ర గల ప్రాంతముననే కొందఱు బోధకులు, ప్రార్థనయుండగా మందెందుకని రోగులచేత ఔషధములు మాన్పించుట మిగుల శోచనీయము. సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదిని రొనాల్డు రాసు దోమకడుపున మలేరియాక్రిమిని కనుగొనెను. ఎండలో, చెమటలో, వారములకొలది దోమలను కోసి చూచి విసిగిన పిదప ఫలము దొరకినపుడు, ఆయన దైవమునకు కృతజ్ఞత తెలుపుచు పద్యము వ్రాసికొనెను. సూక్ష్మదర్శినియు ప్రార్థనయు ఒకని చేతులలో ఇముడగలవని చెప్పుటకు ఈ పట్టణముకంటె తగిన స్థలమేది? శరీరమునకు వలెనే మనస్సునకును వ్యాధులు గలవు. బ్రదుకుపై రోత పుట్టి ప్రాణము తీసికొనవలెనను తలంపు విడువక వచ్చుచున్నవానికి, ప్రార్థన చేయుమని చెప్పి పంపివేయుట చాలదు. వానిని ఒంటరిగా విడువక, వైద్యునియొద్దకు చేయి పట్టుకొని తీసికొనిపోవలెను. బన్యను కథలో సైతము చెఱసాలలోని యాత్రికుడు ఒంటరిగా లేడు. వానిని చావవద్దని వారించి, ఇంకొకదినము ఓర్చుమని చెప్పిన తోడు ఆశావంతుడను పేరుగలవాడే. అట్టి తోడగుట సంఘమునకు విధి.

మొఱపెట్టుటను ఇంతగా మెచ్చుకొన్నచో జనులు ఎల్లపుడు ఏడ్చుచునే యుందురని కొందఱు శంకింపవచ్చును. మా యనుభవమును, మేము పైన చూపిన గ్రంథములును దీనికి భిన్నముగా చెప్పుచున్నవి. లోపల మూయబడిన శోకమే కాలము గడచినను కుళ్లుచుండును. వినువాడు దొరకిన శోకము మెల్లగా మాటయగును, మాట పాటయగును, పాట పాడినవాడు లేచి మొగము కడుగుకొనును. విలాపకీర్తనలు స్తోత్రములుగా మాఱుట ఆజ్ఞవలన గాదు. మొఱ పూర్తిగా చెప్పుకొననిచ్చుటవలన. 2020లో కొత్తవ్యాధి దేశమంతట వ్యాపించి ప్రార్థనామందిరముల తలుపులు మూతపడిన దినములలో, తమవారి కడపటిచూపు కూడ దక్కనివారు ఎందఱో మన నడుమ నున్నారు. వారిలో ఎందఱకు తమ మొఱ చెప్పుకొన చోటు దొరకినది? వారి శోకమునకు తగిన కీర్తన యొకటి తెలుగున వెలువడినచో, అది పది జయగీతములకంటె ఎక్కువ పనిచేయును.

కాబట్టి ఓదార్పు గ్రంథములు వ్రాయువారికి మేము చేయు మనవి స్వల్పమే. వ్రాసిన పుటను అచ్చునకు పంపుటకు ముందు, బిడ్డను గోలుపోయిన యొక తల్లి యెదుట దానిని బిగ్గరగా చదువగలరా యని తమ్ము తాము ప్రశ్నించుకొందురు గాక. చదువగలిగినచో అచ్చు వేయింతురు గాక. నాలుక తడబడినచోట ఆ వాక్యమును కొట్టివేయుదురు గాక. మీకు తెలియని కారణములను దేవుని నోట పెట్టకుడు. మీరు తీర్పలేని యప్పును తీఱునని పూచీ పడకుడు. ఏడు దినములు మౌనముగా నేల కూర్చుండుట మీకు చేతనైనచో, ఎనిమిదవనాడు వాదింపక ఇంకొకదినము కూడ అట్లే కూర్చుండుడు. సంఘములవారు సైతము ఆరాధనలలో సంవత్సరమునకు కొన్ని దినములైనను విలాపకీర్తనలకు తావిచ్చి, పురుషోత్తమ చౌదరిగారి కాలపు ఆర్తికీర్తనలను మఱల పాడింపవలెను.

మన పాఠకులలో క్రైస్తవులు కానివారు పెక్కుమంది గలరు. వారికి కూడ ఈ విషయము పరాయిది గాదు. మన యిరుగుపొరుగున నొకరు చీకటిలో నున్నపుడు వారితో నేమి పలుకవలెనన్న ప్రశ్న మతములన్నిటికి ముందునుండియు నున్నది. మొసలినోట చిక్కినవానికి ఈదుట యెట్లో ఒడ్డుననుండి ఉపన్యసించుటకంటె, వాని కేక వినబడినదని తెలుపుట మొదటి సాయము. నీటిలోనికి దిగి చేయి యందిచ్చుట రెండవది. ఈ రెండును జరిగినచోట ఆశను గూర్చిన గ్రంథములు తక్కువైనను లోటులేదు.